మెట్ల మలుపులో సోఫా

ఆ ఉదయం ఆ ఇంట్లో అనుకున్న పని చిన్నదే. తొమ్మిదింటికి నాన్న అక్కగారింటి నుంచి పాత సోఫా వస్తుంది. పదింటికల్లా దాన్ని ముందుగదిలో కిటికీ కింద వేసేస్తారు. పదకొండింటికి బడి నుంచి టీచరు వచ్చి, దాని మీదే కూర్చుని, వాళ్ళ పాప చుక్కను చూస్తుంది. చుక్కను ఒకటో తరగతిలోకి తీసుకోవాలో, ఇంకో ఏడాది ఆపాలో ఆమే తేల్చాలి. అమ్మ వారం రోజులుగా ఆ పదకొండింటి కోసమే ఇల్లు సర్దుతోంది.

చుక్కకు ఐదున్నరేళ్ళు. మాటలు ఆమె దగ్గరికి ఆలస్యంగా వస్తాయి. ఒక్కోసారి పిలిచిన మాట రాకుండా దాని పక్కింటి మాట వచ్చేస్తుంది. బొమ్మలతో ఆ ఇబ్బంది లేదు. ముక్కల బొమ్మను రంగులు కిందికి పెట్టి, ఉత్త అట్ట వైపు చూస్తూనే పేర్చేస్తుంది. కళ్ళు సగం మూసుకుని కూర్చుంటే ఆమెకు గది మెల్లగా గాలిలోకి లేస్తుంది. కుర్చీలు, బల్ల తేలుతూ తిరుగుతూ, ఎక్కడ ఇముడుతాయో అక్కడ వాలతాయి. ఇంట్లోవాళ్ళు దాన్ని పరధ్యానం అనేవారు.

తొమ్మిదింటికి సోఫా వీధి గుమ్మం ముందు దిగింది. మోసేవాళ్ళు ఇద్దరు. చుక్క పై మెట్టు మీద కూర్చుని ఒకసారి దాన్ని, ఒకసారి మెట్ల మలుపును చూసింది. మలుపు దగ్గర అమ్మ తడిగుడ్డతో గోడ తుడుస్తోంది. చుక్క తలలో సోఫా మెట్లెక్కి, మలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే అత్త ఫోను చేసింది. మాటలు అలవాటవుతాయని నాన్న ఫోను చుక్క చేతికిచ్చి కిందికి వెళ్ళాడు. సోఫా వచ్చిందా అని అత్త ముద్దుగా అడిగింది.

"అత్త... పడదు," అంది చుక్క.

ఎవరికి పడదని అత్త మెల్లగా అడిగింది. చుక్క మలుపు వైపు చూసింది. దాన్నేమంటారో ఆమెకు తెలియదు. అక్కడ నిలబడ్డ మనిషిని ఏమంటారో తెలుసు.

"అమ్మ."

రెండు నిమిషాల్లో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి పైకి వచ్చిన నాన్న ఎత్తాడు. తను పడనివాళ్ళకు తన సోఫా మాత్రం ఎలా నచ్చిందని అక్క అడిగింది. వస్తున్నాను, ఎదురుగానే తేల్చుకుంటానని పెట్టేసింది. నాన్న వెళ్ళి, అక్కను ఏమన్నావని అమ్మను అడిగాడు. అమ్మకు ఎప్పుడో ఆ సోఫా రంగు గురించి అన్న మాట గుర్తొచ్చింది. అది మీరే చేరవేశారా అంది. తను చేరవేయలేదన్నాడు నాన్న. మరి ఆవిడకెలా తెలిసిందంది అమ్మ. మెట్ల మధ్య సోఫా మోస్తున్నవాళ్ళు, ఇలాగే అడ్డంగా తోసేయమంటారా అని అడిగారు.

"నీ ఇష్టం," అన్నాడు నాన్న, అమ్మతో.

ఆ మాట తమకే అనుకుని వాళ్ళు బలమంతా పెట్టి తోశారు.

సోఫా మలుపులో బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. పైన అమ్మ, నాన్న, చుక్క. కింద మోసేవాళ్ళు, కాసేపటికి రొప్పుతూ అత్త, పదకొండింటికి ఫైలు చంకలో పెట్టుకుని టీచరు. అత్తకు అమ్మ పాదాలు, అమ్మకు అత్త జడముడి తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

"నేను నీకు పడనా అమ్మాయీ?" అంది అత్త, సోఫా వీపుతో.

"అలాగని ఎవరన్నారు వదినా?"

"నీ కూతురే."

"దానికి అంత మాట ఎక్కడొస్తుంది వదినా? రెండు మాటలు కలపడమే దానికి కష్టం." అనేశాక, కింద టీచరు వింటోందని అమ్మకు గుర్తొచ్చింది. అలాగే మెట్టు మీద కూలబడింది.

అమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి చుక్క లేచింది. సోఫా చేతిని ఒకసారి, గోడను ఒకసారి తట్టి, వాటి మధ్య వేలు కూడా దూరదని చూపించింది. "పడదు," అంది.

నాన్న ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. "పట్టదు అంటున్నావా తల్లీ?"

చుక్క తలూపింది. పొద్దుటి నుంచి చెబుతున్నది అదే.

చుక్క చేతిని మడిచి సోఫా ఆకారం చేసింది. వేళ్ళు వీపు, అరచెయ్యి కూర్చునే చోటు. మెట్ల కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ చెయ్యి నిలువుగా లేచింది. వీపును మూల వైపు పెట్టి నెమ్మదిగా తిరిగి, అవతలికి వచ్చేసింది. ఎండలో తేలుతున్న దుమ్ము కూడా దాని వెంటే తిరిగింది. నాన్న ఆమెను పక్కకు జరగమన్నాడు. కింద మెట్ల కడ్డీల సందులోంచి చూస్తున్న టీచరు మాత్రం, ఆ చెయ్యి ఎలా తిరుగుతోందో సోఫానూ అలాగే తిప్పమని మోసేవాళ్ళకు చెప్పింది.

అత్త, టీచరు కూడా తలో చెయ్యి వేసి సోఫాను ఒక మెట్టు వెనక్కి లాగారు. నిలబెట్టారు. చుక్క చెయ్యి తిరిగినప్పుడల్లా తిప్పారు. గోడకు గీత కూడా పడకుండా అది మలుపు దాటింది.

కిటికీ కింద సోఫా వేశాక అత్త, అమ్మ దాని మీదే పక్కపక్కన కూర్చున్నారు. రంగు సంగతి అమ్మ ఒప్పేసుకుంది. ఆ రంగు తనకూ ఎప్పుడూ నచ్చలేదని అత్త చెప్పింది.

టీచరు ఫైలు తెరిచి, ఒకటో తరగతి అన్నచోట టిక్కు పెట్టింది. దాని కింద, పెద్దలు చెప్పింది పాపకు అర్థమవుతుందా అని ఒక ప్రశ్న ఉంది. ఆమె కాసేపు ఆలోచించి, పెద్దలకు మరికొంత సమయం ఇవ్వాలని రాసింది.