ద్రాక్షతొక్కల జంతికలు

ఆ శుక్రవారం చంద్రిక వేసుకున్న ప్లానుకి వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదికి తలంటు, తొమ్మిదికి ఓవెన్‌లో కుకీలు, రెండింటికి మీటింగు. అమెరికాలో వాళ్లుండే మోరిస్‌విల్‌కి గంట దూరంలో ఉన్న ద్రాక్షరసం ఫ్యాక్టరీలో ఆమె ఫుడ్ సైంటిస్టు. రసం పిండాక మిగిలిన తొక్కలూ గింజలూ ఏటా లారీలకొద్దీ చెత్తదిబ్బకి పోయి, అక్కడ కుళ్ళి, మీథేన్ కక్కి భూమిని వేడెక్కిస్తున్నాయని ఆమె బాధ. ఏడాదిన్నర కూర్చుని వాటిని ఎండబెట్టి, పొడికొట్టి, తినే పిండిగా మార్చింది. ల్యాబ్ పరీక్షలన్నీ గట్టెక్కాయి. ఇక కొనేవాళ్లు దొరకాలి. చిరుతిళ్ల కంపెనీ నుంచి మిసెస్ పార్కర్ వస్తోంది. ఈ పిండితో చేసిన కుకీలు తిని ఆవిడ కాదంటే ప్రాజెక్టు మూసేస్తానని బాస్ ముందే చెప్పేశాడు. చేతిలో ఉన్నది రెండు కిలోల పిండి. మళ్లీ చేద్దామంటే సెప్టెంబరు దాకా ద్రాక్ష లేదు. అప్పటికింకా ఫిబ్రవరే.

తలకి తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి గట్టు మీద పిండి సంచి లేదు.

"దివాకర్, ఇక్కడున్న పిండి ఏదీ?"

"నాగమల్లేశ్వరి ఆంటీకి ఇచ్చా," అన్నాడు ఆమె భర్త లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా. "తన డబ్బా కోసం వచ్చారు. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని నువ్వే కదా అంటావ్. రాగిపిండి కనబడింది, పోసేశా."

"మొత్తమా?"

"సగం సంచి మళ్లీ ఎందుకని అది కూడా చేతిలో పెట్టా."

"దాని మీద బ్యాచ్ పద్నాలుగు అని రాసుంది కదా."

"ఇండియన్ స్టోర్ వాడు రాశాడనుకున్నా."

పాపం, తప్పంతా అతనిదే అనడానికి లేదు. రంగూ మెత్తదనమూ అచ్చం రాగిపిండే. అయినా చంద్రికకి ఒళ్లు మండిపోయింది. తడిజుట్టుతోనే కారెక్కింది.

నాగమల్లేశ్వరిగారు రిటైరైన పిల్లల డాక్టరు. లోకంలో రాగిజావతో కుదరని జబ్బు లేదని ఆవిడ నమ్మకం. చంద్రిక వెళ్లేసరికి ఒక గ్లాసు తాగేసి రెండోది కలుపుకుంటున్నారు. మీరు తాగింది ఫ్యాక్టరీ పారేసే తొక్కలు ఆంటీ అని అంత పెద్దావిడతో ఎలా చెప్పడం?

"ఏం లేదాంటీ, పిండి ఎలా ఉందో కనుక్కుందామని," అంది చంద్రిక. కొంప ముంచింది ఆ ముక్కే.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఒక్కదాన్నీ అంత ఏం చేసుకుంటాను? ఈ రెండు గ్లాసులకి ఉంచుకుని, మిగతాది వచ్చే దారిలో జయంతికి సగం, కేశవరావుగారికి సగం ఇచ్చేశా. ఉండు, నువ్వు చూడ్డానికి వస్తున్నావని ఫోన్ చేసి చెప్తా."

వద్దనేలోపే ఆవిడ చెప్పేశారు. పిండి ఇచ్చిన మనిషి ఇంటికొస్తుంటే పిండిని పిండిగా ఉంచే తెలుగిల్లు మోరిస్‌విల్‌లో ఎక్కడుంది? చంద్రిక స్నేహితురాలు జయంతి ఆఫీస్ కాల్ మ్యూట్ చేసి మరీ మూకుడు పెట్టింది. ఆంటీ జావ కబుర్లు తెమిల్చుకుని చంద్రిక తలుపు తట్టేటప్పటికి ఆఖరి వాయి నూనెలో ఉంది.

"మొత్తం కలిపేశా, నీకోసమే," అంది జయంతి. "నీ రాగిపిండి కాస్త పుల్లగా ఉందే. వామూ కారమూ దట్టించా, సరిపోయింది. నిన్ను ఉత్త చేతుల్తో పంపుతానా ఏంటి?"

చంద్రిక డబ్బా అందుకుని, చాలా థాంక్సే అంది.

కేశవరావుగారు ఒంటరిగా ఉండే రిటైర్డ్ ఇంజనీరు. ఏది మొదలుపెట్టినా సగంలో వదిలే మనిషి కాదు. చివరి చెంచా దాకా రొట్టెలు కాల్చి, రేకులో చుట్టి సిద్ధంగా ఉంచారు. "రాగులకి ఈ పులుపు ఎక్కడిదమ్మాయ్? ఉల్లిపాయ తరిగి వేసి సర్దేశాలే."

ఫ్యాక్టరీ పార్కింగ్‌లో కారు ఆపుకుని చంద్రిక ఏడ్చేసింది. కారులో రొట్టెలున్నాయి, పెద్ద డబ్బా నిండా జంతికలున్నాయి, చిటికెడు పిండి మాత్రం లేదు. ఏడాదిన్నర కష్టం ఒక్క పూటలో నూనెలో వేగిపోయింది.

మీటింగులో బాస్ కుకీలేవని అడిగాడు. చంద్రిక చేసేదేమీ లేక జంతికల డబ్బా మూత తీసింది. ఆ వంకర్లు చూసి అతని ముఖం మాడిపోయింది. మిసెస్ పార్కర్ ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. రెండోది తీసుకుంది. మూడోది నములుతూ నోరు విప్పింది.

"ఇలాంటి పిండితో అయిదు ఫ్యాక్టరీల కుకీలు తిన్నాను. అన్నీ పుల్లటి ఇసుక. ఈ కారానికి ఆ పులుపు భలే కుదిరింది. ఇందులో మీ పిండి ఎంత శాతం?"

చంద్రికకి తెలిస్తేగా. జయంతికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"రెండు గ్లాసుల బియ్యప్పిండికి అది ఒక గ్లాసు వేశా. ఏం, గట్టిగా వచ్చాయా?"

"మూడోవంతు," అని చంద్రిక ఇంగ్లీషులో చెప్పింది. ల్యాబ్‌లో పది శాతం దాటితే కుకీ పొడిపొడి అయ్యేది. బాస్ క్యాలిక్యులేటర్ తీసి, ఈ లెక్కన పిండి వాడితే ఏటా ఎన్ని టన్నుల తొక్కలు మిగులుతాయో మూడుసార్లు చూసుకున్నాడు. ఏమీ మిగలడం లేదు.

"ద్రాక్షతొక్కలని తెలియకుండా ఎవరైనా తిన్నారా?" అడిగింది మిసెస్ పార్కర్.

"మూడిళ్ల వాళ్లు. ఎవరూ పారెయ్యలేదు."

"అయితే వచ్చే కోతల తొక్కలన్నీ మావే. చెత్తదిబ్బ లారీలు మానిపించుకోండి."

చంద్రికకి మళ్లీ కళ్లనీళ్లు వచ్చాయి. ఈసారి తుడుచుకోలేదు. స్పీకర్‌లో జయంతి ఇంకా ఉంది. "ఒసేయ్, ఆ రాగిపిండి ఇంకాస్త ఉందా?"

"అది రాగిపిండి కాదు జయంతీ. ఫ్యాక్టరీ పారేసే ద్రాక్షతొక్కలు."

అవతల జంతిక కొరికిన చప్పుడు వినబడింది. "పోన్లే, తినేశాం కదా. కిలో పంపు."

సోమవారం చంద్రిక రిపోర్టు రాయడానికి కూర్చుంది. 'పరిశోధన విధానం' అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, చివరికి 'ఇరుగుపొరుగు' అని నింపింది.