మోడెమూ, మిరపకాయ తొడిమలూ

మార్టూరులో ఒక గ్రానైట్ పాలిష్ యూనిట్లో కంప్యూటర్లు చూసుకునే గౌస్ బాషాని నేనే. రాళ్లు కోసే చోట కీబోర్డు ముట్టుకోవడం వస్తే చాలు, మేధావి కింద లెక్క. ఇంట్లో మాత్రం ఆ లెక్క చెల్లదు.

ఆ వేసవిలో నాకో ఐడియా తట్టింది. ఆఫీసు సర్వర్‌కి మోడెం పెట్టి ఫోన్ లైనుకి కలిపితే, ఇంటినుంచే డయల్ చేసి పని చేసుకోవచ్చు. శుక్రవారం నమాజయ్యాక బిర్యానీ తిని, మ్యాచ్ చూస్తూ ఉద్యోగం చేయొచ్చు.

ఓనరు బాపయ్యగారు గడ్డం గోక్కున్నారు. "ఈ శుక్రవారం ఇంటినుంచే స్టాకు లిస్టు ఆఫీసు ప్రింటర్లో తీయించు. పని సాఫీగా సాగితే ఇక ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉండు. లేదంటే ఈ మాట మళ్లీ ఎత్తకు."

శుక్రవారం కంప్యూటర్ ముందు కూర్చోగానే మా ఆవిడ ఖుర్షిదా గోనె పరిచి ఎండుమిరపకాయలు గుమ్మరించింది.

"కనెక్టయ్యేదాకా ఖాళీయే కదండీ. తొడిమలు తీయండి."

"ఇది ఆఫీసు టైము!"

"అవునా? లుంగీలో ఉంటే గుర్తుపట్టలేదు."

డయల్ చేశాను. రెండో రింగుకి ఆఫీసులోని మోడెం ఎత్తాలి. కానీ మా ఆఫీసులో ఫోన్ మొదటి రింగుకే ఎత్తాలని, లేకపోతే బేరం పక్క యూనిట్‌కి పోతుందని బాపయ్యగారి ఆజ్ఞ. మా అటెండరు, పేరు నన్నే సాహెబ్, ఆ ఆజ్ఞని ప్రాణంలా చూసుకుంటాడు. ఇంటి మోడెం కూత విని కంగారుపడ్డ సాహెబ్ గొంతు స్పీకర్లో వినబడింది.

"హలో! పసిబిడ్డ ఏడుస్తోంది, ముందు ఎత్తుకోండమ్మా!"

మామూలు ఫోన్ చేశాను. "సాహెబుగారూ, సాయంత్రందాకా ఫోన్ ఎత్తకండి."

"మీరు చేసినా?"

"ముఖ్యంగా నేను చేసినా!"

ఈసారి సర్వర్ దొరికింది. ప్రింటరున్న కంప్యూటర్ మాత్రం దొరకలేదు. రెండింటినీ కలిపే హబ్బు, అదే చిన్న దీపాలు మినుకుమనే డబ్బా, ఆగిపోయి ఉండాలి. ప్లగ్గు చూడమని చెబుదామని కనెక్షన్ తెంపి ఫోన్ చేశాను. సాహెబ్ మాట మీద నిలబడ్డాడు, ఎత్తలేదు. అక్కడ నేను పెట్టిన మోడెమే ఎత్తి నా చెవిలో కుయ్యోమని అరిచింది. కంగారులో చెమట తుడుచుకుందామని మిరపకాయ తొడిమలు తీసిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. మంట నషాళానికంటింది.

నేను కొళాయి కింద తల పెట్టి "హబ్బు ప్లగ్గు, దీపాల డబ్బా ప్లగ్గు" అని అరుస్తుండగా ఖుర్షిదా ఫోన్ అందుకుంది. ఆఫీసు ఎదురుగా టీకొట్టు నడిపే కోటిరత్నానికి చేసింది.

"వదినా, ఆఫీసులో నన్నే సాహెబుగారిని ఒక్క కేకెయ్యవూ! ఆ దీపాల డబ్బా ప్లగ్గు పెట్టారో లేదో చూడమను."

కోటిరత్నం కేకకి రోడ్డు దద్దరిల్లి ఉంటుంది. సాహెబ్ ఆ ప్లగ్గు పీకి ఫ్యాను పెట్టుకున్నాడట. ప్లగ్గు మార్చాక నేను మళ్లీ డయల్ చేయగానే లిస్టు ప్రింటయింది.

"చూశావా నా టెక్నాలజీ!" అన్నాను ఎర్రటి కళ్లతో.

"చూశాను. కోటిరత్నం గొంతు చాలా దూరం వెళ్తుంది."

సాయంత్రం బాపయ్యగారు ఫోన్ చేశారు. "లిస్టు అందిందయ్యా, భేషుగ్గా ఉంది. కొనేవాడే మధ్యాహ్నమంతా మనకి ఫోన్ చేసి, ఆ కుయ్‌కుయ్ భరించలేక పక్క యూనిట్‌కి పోయాడు. వచ్చే శుక్రవారం నమాజ్ అవగానే నేరుగా ఆఫీసుకొచ్చెయ్."

తర్వాతి శుక్రవారం నమాజుకి బయల్దేరుతుంటే స్కూటర్ మీద ఒక సంచి కనబడింది.

"ఇదేంటి?"

"మిగతా మిరపకాయలు. ఇంటినుంచి ఆఫీసు పని అయినప్పుడు, ఆఫీసునుంచి ఇంటిపని ఎందుకవదండీ?"

ఆఫీసులో సంచి బల్ల కింద దాస్తుండగా ఫోన్ మోగింది. నన్నే సాహెబ్ మొదటి రింగుకే ఎత్తాడు.

"ఆఁ అమ్మా... వచ్చారమ్మా... లేదమ్మా, ఇంకా మొదలుపెట్టలేదు."