మేడమీది పోర్షను ప్రశ్నపత్రం

ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఏలూరు పవర్‌పేటలో సుబ్బలక్ష్మిగారి మేడమీది పోర్షను అద్దెకు ఇవ్వబడును. ఈ ప్రకటన గేటుకు వేలాడబట్టి పదకొండు నెలలైంది. పోర్షనుకు గాలి ఉంది, వెలుతురు ఉంది, కుళాయి ఉంది. పరీక్ష పాసైన మనిషే ఇంకా దొరకలేదు.

పరీక్షలో పదిహేడు ప్రశ్నలు. సుబ్బలక్ష్మిగారు చెబుతుంటే, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే భర్త దత్తాత్రేయులుగారు రాసి జిరాక్సు తీయించారు. మీరేమిట్లు, అంటే ఏ కులంవారు? ఏం తింటారు? పెళ్ళయిందా, కాకపోతే ఎందుకు కాలేదు? రాత్రి ఎనిమిది దాటాక వస్తారా, వస్తే ఎక్కణ్ణుంచి వస్తారు? పోపు వేసేటప్పుడు తలుపు వేసుకుంటారా? ఇందులో ఎవరిమీదా ద్వేషం లేదు. ఆవిడకు భయం, అంతే. గ్యాసు సిలిండరన్నా ఇంతే భయం.

ఆగస్టులో మండవల్లి నుంచి సాబిరా అనే ఆవిడ కూతురు ఫిజాను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు ఆసుపత్రి ల్యాబులో కొత్త ఉద్యోగం. ప్రశ్నపత్రం గేటు దగ్గరే ఇచ్చారు. మూడో ప్రశ్న దాటకుండానే పిల్ల ఫెయిలైంది. సాబిరా గేటు ఊచలు పట్టుకుని, "మా పిల్ల బుద్ధిమంతురాలండీ. దాని పనేదో అది చూసుకుంటుందండీ. ఊరుగాని ఊళ్ళో ఆడపిల్లండీ, కాస్త దయచూడండమ్మా" అంది.

సుబ్బలక్ష్మిగారు మర్యాద తెలిసిన మనిషి. మంచినీళ్ళిచ్చి మరీ పంపారు. ఆ గ్లాసు ఇప్పటికీ పెరట్లోనే బోర్లించి ఉంది.

సెప్టెంబరులో ఆవిడ ఒక్కగానొక్క కూతురు స్పందన పైచదువుకు గ్లాస్గో వెళ్ళింది. ఒక ఫ్లాట్లో గది దొరికింది. మిగతా రెండు గదుల్లో పోలండు అమ్మాయి ఆగాత, కెన్యా అమ్మాయి వంజిరు. ముగ్గురికీ వంటిల్లు ఒకటే, ఫ్రిజ్జు ఒకటే. ఆ ఫ్రిజ్జులో తన కూతురి పెరుగుగిన్నె పక్కన ఏముందో ఊహించుకుంటూ సుబ్బలక్ష్మిగారు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఎనిమిదోనాడు పక్కింటి కామేశ్వరి ప్రహరీ మీంచి తొంగిచూసి, "ఇంతకీ ఆ పిల్లలేమిట్లటండీ?" అంది.

అదే అడగలేదు. ఇంత పెద్ద లోపం ఎలా జరిగిందో తెలియదు. వెంటనే ప్రశ్నపత్రం ఇంగ్లీషులోకి తర్జుమా అయింది. పోపు దగ్గర దత్తాత్రేయులుగారు రెండు రోజులు ఆగిపోయి, చివరికి 'ఆవాల పేలుడు' అని తేల్చారు. ఇంటర్నెట్ సెంటరు వాళ్ళు దాన్ని గ్లాస్గో పంపారు.

అక్కడి పిల్లలు అది సర్కారు కాగితమనుకున్నారు. ఫొటోలు అతికించి మరీ నింపారు. పెళ్ళెందుకు కాలేదన్న ప్రశ్నకు ఆగాత ఒక అబ్బాయి గురించి పేజీన్నర రాసింది. వంజిరు నైరోబీలో వాళ్ళమ్మకు ఫోనుచేసి అడిగి మరీ రాసింది. అది స్పందన వాళ్ళమ్మ పంపిందని తెలిశాక, న్యాయం అందరికీ ఒకటే కనుక, స్పందన చేతా ఒకటి నింపించారు. శనివారం వంటింట్లో సమావేశం జరిపి ఫలితాలు ప్రకటించారు.

ఆ సాయంత్రమే ఫోనొచ్చింది. "అమ్మా, నీ రూల్స్ ప్రకారం నాకు పదిహేడుకి రెండొచ్చాయే. పెళ్ళికాలేదు, షాపులో పని చేసి రాత్రి పదకొండుకొస్తాను, నా పోపుకి రెండుసార్లు ఫైరింజనొచ్చింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యమంటున్నారు."

సుబ్బలక్ష్మిగారికి కళ్ళముందు మంచు, ఆ మంచులో రెండు సూట్‌కేసులు, వాటిమీద కూర్చున్న కూతురు కనిపించాయి. ఆగాతకు ఫోనివ్వమని, స్పీకరు పెట్టించి, మాస్టార్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మా పిల్ల బుద్ధిమంతురాలండీ. దాని పనేదో అది చూసుకుంటుందండీ. ఊరుగాని ఊళ్ళో ఆడపిల్లండీ, కాస్త దయచూడండమ్మా."

మాస్టారు అనువాదం మధ్యలో ఒక్క క్షణం ఆగి భార్య ముఖంలోకి చూశారు. ఫోనుకార్డులో డబ్బులయిపోతున్నాయని కూతురు అరిస్తే మళ్ళీ అందుకున్నారు.

అవతల ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అంతా ఆటకేనట. అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళను అడిగే ప్రశ్న ఒక్కటేనట: చెత్త ఏ రోజు పారబోస్తారు? పదిహేడు ప్రశ్నల కాగితాన్ని బాత్రూంలో, కూర్చుంటే ఎదురుగా కనపడేట్టు అంటించుకున్నారట.

సుబ్బలక్ష్మిగారి మనసు కుదుటపడింది. అరగంట తర్వాత మళ్ళీ చెదిరింది. "ఏమీ అడక్కుండా ఎవర్ని పడితే వాళ్ళని పెట్టుకుంటారుటండీ. అలాంటి కొంపలో పిల్లనెలా ఉంచుతామండీ?"

ఆ బెంగతో కళ్ళు తిరిగి, మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళారు. ల్యాబులో రక్తం తీసింది ఫిజా. చూడగానే పోల్చుకుంది, కానీ ఆ ఊసెత్తలేదు. అడిగిన ప్రశ్న ఒక్కటే, "పొద్దున్నే ఏవన్నా తిన్నారాండీ?" ఏం తింటారని కాదు, పరగడుపునా కాదా అని.

సూది నొప్పి తెలియలేదు. సుబ్బలక్ష్మిగారికి పిల్లమీద జాలి పుట్టింది. "రోజూ మండవల్లి నుంచి బస్సులో వస్తున్నావా అమ్మా? కొల్లేటి మీద ఆ రోడ్డూ అదీ, ఆడపిల్లవి, ఏవన్నా అయితే? ఏలూర్లోనే ఎవరైనా మంచివాళ్ళింట్లో గది చూసుకోరాదూ?"

"చూశానండీ" అంది ఫిజా, దూది అదిమి పట్టుకోమంటూ.

ఏలూర్లో మంచివాళ్ళకు కొదవ లేదు. ఆ ఒక్క వీధిలోనే తొమ్మిది ఇళ్ళవారు ప్రశ్నపత్రం నకలు తీసుకెళ్ళారు. మీకూ ఒకటి పంపుదామనే అనుకున్నారు గానీ, మీ గేటు మీది 'అద్దెకు, శాకాహారులకు మాత్రమే' బోర్డు చూశాక, ముందే అందినట్టుందని ఊరుకున్నారు.