వీపు చూసే బెటాలియన్

పెళ్లంటూ చేసుకుంటే పారాచూట్ సైనికుణ్ణే చేసుకోవాలి! రియోలో ఏ తల్లీ కూతురికి ఈ మాట చెప్పదు. అందుకే నేను చెబుతున్నాను.

మా ఆయన వల్దెసీర్ రిటైరైన సార్జంటు. రిటైరైన సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

విమానంలోంచి దూకే ముందు, వెనకున్నవాడు ముందున్నవాడి వీపు మీది పట్టీలన్నీ సరిచూసి, భుజం మీద ఒక్కటి చరిచి "సరే!" అని అరవాలి. అది వాళ్ల బెటాలియన్ సంప్రదాయం. మా ఆయన దాన్ని రొట్టెల దుకాణం క్యూలో కూడా పాటిస్తాడు. ముందున్న ముసలావిడ సంచీ పట్టీ లాగి చూసి, భుజం చరిచి, "సరే!" అంటాడు. ఆవిడ హడలిపోయి క్యూ వదిలేస్తుంది. మా వంతు త్వరగా వస్తుంది. ఇంతటి మొగుడు మీకున్నాడా?

మా అమ్మాయి ఇవొనెచి పెళ్లిలో, చర్చి గుమ్మం దగ్గర పెళ్లిగౌను హుక్కులన్నీ సరిచూసి, చరిచాడు. పిల్ల మేలిముసుగు ఎగిరిపోయింది. కానీ ఒక హుక్కు నిజంగానే ఊడి ఉంది! ఏ తండ్రి పట్టుకుంటాడండీ దాన్ని?

బెటాలియన్‌లో వేసుకునేవి గోధుమరంగు బూట్లు. నల్లబూట్లేసే మిగతా సైన్యమంతా వాళ్లకు "నల్లకాళ్లు". అల్లుడు తెలియక నల్లబూట్లు వేసుకొచ్చాడు. మా ఆయన విప్పించేస్తే, పాపం, మేజోళ్లతోనే పెళ్లి ప్రమాణం చేశాడు.

ఇక బెటాలియన్ చరిత్ర! ఒకసారి గాలి తిరగబడి, కంపెనీ మొత్తం కాంపో గ్రాంజిలో ఓ కోళ్లఫారంలో దిగింది. ఏటా వార్షికోత్సవంలో ఆ కథ కాస్త పెంచి చెబుతారు. మొదట్లో కోళ్లు పారిపోయాయి. తర్వాత యజమాని తుపాకీ తెచ్చాడు. పోయినేడు ఆ ఫారం శత్రుస్థావరమైపోయింది. కోళ్లు మాత్రం ఇంకా లొంగలేదు!

కథయ్యాక పాతవాళ్లంతా ఎత్తైన చెక్కమంచె మీంచి దూకాలి. మా ఆయన కుడిమోకాలు దూకీ దూకీ ఎప్పుడో పోయింది. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే ఆపరేషన్ తేదీ వచ్చింది. సరిగ్గా వార్షికోత్సవం మర్నాడే.

"ఈసారి దూకావంటే ఇక జన్మలో నడవలేవు" అన్నాను.

"దూకకపోతే నల్లకాలోడంటారే!"

"అననీవయ్యా. ముందు కాలంటూ ఉంటే కదా, దాని రంగు!"

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆపరేషన్ గదిలోకి వెళ్లేటప్పుడు వెనక ఎవడో ఒకడు ఉండాలట. తన నేస్తం ఓజియెల్‌కి ఫోన్ చేశాడు.

"ఒకడేమిట్రా! బెటాలియన్ మొత్తం వస్తుంది. కోళ్లఫారం మీద ఒట్టు!"

ఆ మాట నమ్మి మా ఆయన దూకలేదు.

ఆస్పత్రి గౌను సంగతి మీకు తెలుసుగా, తాళ్లు కట్టేది వెనకవైపే. ఆపరేషన్ గది తలుపు ముందు ఒంటికాలి మీద నిలబడి కదలనన్నాడు.

"ఇంకా ఎవరి కోసం సార్?" అంది నర్సు.

"వెనకున్నవాడు రావాలమ్మా."

వెనక ఎవరూ లేరు. ఉన్నదల్లా గాలి. బెటాలియన్ ఇన్నేళ్లుగా దాచుకున్న రహస్యాలన్నీ ఆ నడవాలో బయటపడిపోయాయి. ఓజియెల్ ఫోను ఎంతసేపు మోగినా ఎత్తలేదు. డాక్టరు గడియారం చూసుకున్నాడు, తలుపు వేసేస్తానన్నాడు.

నేనే వెళ్లి వెనక నిలబడ్డాను. తాళ్లన్నీ ముడివేశాను. భుజం మీద చరిచాను. గట్టిగానే చరిచాను, బెటాలియన్‌కి తగలాల్సింది కూడా కలిపి.

"సరే!"

వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లాడు.

మోకాలు దక్కింది. వారం పోయాక ఓజియెల్ ఒక ఇత్తడి ఫలకం మోసుకొచ్చాడు. దాని మీద "మన వెనక ఎప్పుడూ ఒకడుంటాడు" అని చెక్కించారు.

"ఆ రోజు అందరికీ నడుములు పట్టేశాయి వదినా! అది సరే, వచ్చే ఏడాదికి వీడు మంచె ఎక్కగలడు కదా?"

మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది. ఓజియెల్‌ని మెల్లగా కిటికీ వైపు తిప్పి, వెనక నిలబడి, చొక్కా సరిచేసి, బెల్టు లాగి చూశాను. భుజం మీద చెయ్యి ఎత్తాను.

వీపు మీద పారాచూట్ లేదన్న సంగతి గమనించాను. కానీ సంప్రదాయం సంప్రదాయమేగా!