రెండో గేటు కాపలాదారు ఎడమవైపు ఎందుకు చూశాడు

'ఆపరేషన్ గోరింటాకు' అనే గూఢచారి సీరియల్లో ఏడో ఎపిసోడ్‌ను ఎవరు మళ్లీ చూసినా, కృష్ణానగర్‌లో అద్దెకుంటున్న పేర్రాజు అనే జూనియర్ ఆర్టిస్టు చచ్చిపోవలసి ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. అతను సంతకం పెట్టిన ఒప్పందంలోనే ఆ సంగతి ఉంది: 'ప్రసార, పునఃప్రసార, పునర్వీక్షణ సందర్భాలన్నిటిలోనూ నటుడు తన పాత్రను నిర్వర్తించవలెను.' పేర్రాజు పాత్ర చావడం. శత్రుదేశపు ఎంబసీ రెండో గేటు దగ్గర కాపలా కాస్తూ, హీరో తుపాకీ గుండు తగిలి మంచులో పడిపోవాలి. డైలాగు లేదు. పడేముందు ఎడమవైపు ఒకసారి చూశాడు, అంతే.

ఆ మంచు నిజానికి ఉప్పు. ఎంబసీ ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీ. మండుటెండలో ఉన్ని కోటు తొడుక్కుని పొద్దున్నుంచీ నిలబడి, సాయంత్రానికి పడి, పేర్రాజు ఇంటికొచ్చాడు. భోజనాల బండి ఆ రోజు రానే రాలేదని చెప్పి, భార్య భూలక్ష్మి పెట్టిన పెరుగన్నం ఉల్లిపాయ నంజుకుంటూ మారు అడిగి మరీ తిన్నాడు. పెళ్లయ్యాక ఆయన అంత ఆకలిగా తినడం ఆమె చూడటం అదే మొదలు.

మొదట్లో చావు ఇబ్బందిగా ఉండేది కాదు. ఎవరైనా ఎపిసోడ్ పెట్టగానే పేర్రాజుకు కుడిచెవి చల్లబడుతుంది. అప్పటినుంచి అరగంట టైముంటుంది. ఈలోగా గ్యాసు కట్టేసి, చాప పరుచుకుని, కాళ్లు కడుక్కుని రావచ్చు. తర్వాత రెప్పపాటు చచ్చి, లేచి, చేస్తున్న పని చేసుకోవచ్చు. సిటీ బస్సులో ఉంటే కండక్టరుకు ముందే చెప్పేవాడు. ఒకేసారి ఎంతమంది చూసినా అన్నీ కలిపి ఒక్క చావుగానే లెక్కించాలని యూనియన్ పోరాడి సాధించింది. ఆ విజయాన్ని ఆఫీసు గోడకు ఫ్రేము కట్టించి పెట్టారు.

మిగతా ఆఫీసులు కూడా తమ పని తాము చేశాయి. బస్తీ దవాఖానా డాక్టరు పరీక్షించి మామూలు చావేనన్నాడు. మున్సిపాలిటీవాళ్లు మొదటి చావును నమోదు చేసుకుని, రెండోది కంప్యూటర్ తీసుకోదు కాబట్టి ఇక రావద్దన్నారు. రేషన్ మాత్రం ఆగలేదు, అది వేరే శాఖ. కార్మిక శాఖ అధికారి దరఖాస్తు రెండుసార్లు చదివి, "చనిపోయి ఉన్నప్పుడు మీరు ఫిర్యాదు ఇవ్వడానికి లేదు. బతికి ఉన్నప్పుడు మీకు ఫిర్యాదే లేదు" అని సౌమ్యంగా చెప్పి పంపేశాడు. పేర్రాజుకు ఆ మాట సబబుగానే తోచింది.

అదృష్టం కొద్దీ సీరియల్ ఫ్లాపైంది. హిట్టయిన సీరియళ్లలో చచ్చినవాళ్లకు లేచే వ్యవధే దొరకదు, వాళ్ల ఇళ్లలో ఎప్పుడో ఏడ్చి ఊరుకున్నారు. 'ఆపరేషన్ గోరింటాకు'ను మళ్లీ మళ్లీ చూసేది ఊరు మొత్తానికి ఒక్క బృందమే. మూసాపేట కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఆదివారం కలిసే గోరింటాకు ప్రేక్షక సమాఖ్య. బ్యాంకులో ముందుగానే రిటైర్మెంటు పుచ్చుకున్న కోదండపాణిగారు దానికి ప్రెసిడెంటు. విహారి అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు సెక్రటరీ, రిమోటు అతని చేతిలో ఉంటుంది. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. చీమ అడ్డమొస్తే పక్కనుంచి నడిచే రకం. సీరియల్ పూర్తయినప్పుడు ఖాళీ అయిన జీవితాన్ని ఏదో ఒకదానితో నింపుకోవాలి కదా, ఎడమచూపుతో నింపుకున్నారు.

రెండో గేటు కాపలాదారు ఎడమవైపు ఎందుకు చూశాడు? స్క్రిప్టులో అలా లేదని సమాఖ్య కనిపెట్టింది. లేనిదాన్ని ఊరికే ఎందుకు చేస్తాడు? అతను డబుల్ ఏజెంటు, లోపలివాళ్లకు సైగ చేశాడన్నారు కోదండపాణిగారు. కాదు, అటుపక్క తెరమీద కనబడని మూడో గేటు ఉందన్నాడు ఇనప సామాన్ల కొట్టు బాల్‌రెడ్డి. దీంతో ఆ తర్వాతి ఎపిసోడ్లన్నిటి అర్థం మారిపోయింది. ఇది తేలాలంటే గుండు తగిలాక, పడబోయే ముందు, చూపు ఇంకా ఎడమవైపే ఉన్న ఆ ఒక్క బొమ్మ దగ్గర పాజ్ నొక్కాలి.

పాజ్ నొక్కితే పేర్రాజు కూడా పాజ్‌లోనే ఉంటాడు. సగం ఒరిగి, కళ్లు తెరుచుకుని, ఎడమవైపు చూస్తూ, చచ్చి ఉంటాడు. మళ్లీ నొక్కేదాకా లేవడు. స్లో మోషన్లో చూసిన రోజున నిలబడ్డవాడు నేలకు చేరేలోపు పక్కింటివాళ్ల కుక్కరు మూడు కూతలు కూసింది. ఒక ఆదివారం సమాఖ్యవారు పాజ్ నొక్కి టీలకు వెళ్లి, అక్కడే కబుర్లలో పడ్డారు. పొద్దుగూకేదాకా భూలక్ష్మి ఒరిగిన మొగుడికి గోడవైపు దిండ్లు ఆనించి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చుంది.

ఆ వారంలోనే ఇంకో కబురొచ్చింది. వచ్చే ఆదివారం మహాచర్చ. ఏకాభిప్రాయం వచ్చేదాకా బొమ్మ కదపకూడదని తీర్మానం. ఆ సమాఖ్యకు టీలో చక్కెర దగ్గర కూడా ఏకాభిప్రాయం లేదని పేర్రాజు విన్నాడు. మొగుడూ పెళ్లాలు కోదండపాణిగారి ఇంటికి వెళ్లారు. విహారి, బాల్‌రెడ్డి అక్కడే ఉన్నారు. పేర్రాజును చూడగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు. ముందు ఫొటోలు దిగారు.

"అయ్యా, చూడొద్దనట్లేదండీ," అన్నాడు పేర్రాజు. "చూసుకోండి. చచ్చిపోతాను, దానికేముంది. ఆ ఆపడం ఒక్కటీ మానేయండి బాబూ."

"లేస్తాడో లేడో తెలియకుండా ప్రాణాలు అరచేతిలో పెట్టుక్కూచోడం నావల్ల కాదండీ," అంది భూలక్ష్మి. "ముట్టుకుంటే మంచుముక్కలా ఉంటాడండీ ఈయన. నాకింకెవరున్నారండీ?"

కోదండపాణిగారి కళ్లు చెమర్చాయి. "మీ బాధ మాకు తెలుసమ్మా. ఆ సీను చూసినప్పుడల్లా మాకూ కడుపు తరుక్కుపోతుంది. చాలాసార్లు చూశాం." ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు వంగారు. "అదలా ఉంచండి. అసలు మీరు ఎడమవైపు ఎందుకు చూశారు?"

పేర్రాజు ఓరగా భార్య వైపు చూశాడు. "భోజనాల బండి వచ్చిందండీ. అటు చూశాను. అంతేనండీ."

అప్పుడు భూలక్ష్మి ధ్యాసంతా ప్రెసిడెంటుగారి మొహం మీదే ఉంది. ఆయన జాలిగా నవ్వారు.

"గంత పెద్ద ఎంబసీ కాడ అన్నం బండి కోసం సూస్తడా ఎవడన్న?" అన్నాడు బాల్‌రెడ్డి. "మమ్ముల పిచ్చోళ్లను జేస్తున్నవా అన్నా?"

"సార్, మీరు యాక్టర్ మాత్రమే," అన్నాడు విహారి మర్యాదగా. "కాపలాదారు మనసులో ఏముందో మీకెలా తెలుస్తుంది?"

అయినా సమాఖ్యది రాతిగుండె కాదు. చావేదో ఇంట్లో కాకుండా హాల్లోనే, స్టాండు ఫ్యాను ముందు చావడానికి పేర్రాజుకు అనుమతినిచ్చింది. భూలక్ష్మికి ఓటుతో సహా సభ్యత్వం ఇచ్చింది. ఏకాభిప్రాయం త్వరగా రావాలంటే ఆమె చెయ్యి కూడా పనికొస్తుందని పేర్రాజు లెక్క వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే అతను గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. హాల్లో అతని చెవి చల్లబడింది. భూలక్ష్మి తన కుర్చీని కొలిచినట్టు అతని ఎడమపక్కన వేసుకుంది. పాజ్ పడ్డాక ఆ చూపు ఎవరో ఒకరి మీద పడాలి కదా, అది తనమీదే పడనీ అనుకుంది.

"పాలు పొయ్యిమీద పెట్టొచ్చేశావేమిటే?" అన్నాడు పేర్రాజు.

"దించేశానండీ."

"ఎవరేమన్నా అవునను. వాదించకు. తొందరగా తేల్చేయ్."

"అలాగేనండీ. మీరు బెంగపెట్టుకోకండి."

విహారి పాజ్ నొక్కాడు. పేర్రాజు సగం ఒరిగి ఆగిపోయాడు. ఇద్దరు సభ్యులు అతని నడుం కింద ప్లాస్టిక్ కుర్చీ ఆనించారు.

చర్చ ఉప్మాతో మొదలై పులిహోర దాకా సాగింది, మర్నాటి ఇడ్లీకి మళ్లీ అందుకుంది. భూలక్ష్మి మాట నిలబెట్టుకుంది. డబుల్ ఏజెంటంటే చెయ్యెత్తింది, మూడో గేటంటే చెయ్యెత్తింది. రెండిటికీ ఎత్తకూడదని చెబితే, ఎత్తినందుకు క్షమించమని మళ్లీ ఎత్తింది. కరెంటు పోతే బొమ్మ పోతుంది, బొమ్మ పోతే మొగుడు లేస్తాడని ఆశపడింది. పాపం పేర్రాజుగారికి ఫ్యాను ఆగిపోతుందని సమాఖ్యవారు చందాలు వేసుకుని జనరేటర్ తెప్పించారు. మధ్యలో ఎవరిదో ఓణీల ఫంక్షనుకు హాలు బుక్కయి ఉంటే, టీవీనీ పేర్రాజునీ జాగ్రత్తగా ఓ మూలకు జరిపారు. వచ్చినవాళ్లు పిల్ల మీద వేయగా మిగిలిన అక్షింతలు అతని మీద కూడా వేసి వెళ్లారు. అతని చొక్కా జేబులో పడ్డ బియ్యపు గింజలను భూలక్ష్మి ఒక్కొక్కటే ఏరింది.

ఇన్నాళ్లలో ఆమె తెరవైపు సరిగా చూడనేలేదు. ఆమె చూస్తున్నది మొగుణ్ణి. చూపు కలిసీ కలవనట్టుండే ఆ కళ్లలోకి చూస్తూ ఇంటి సంగతులు చెప్పేది. కుళాయి నీళ్లు వచ్చాయనేది. మీరు లేస్తే వంకాయ కారం పెట్టి వండుతాననేది. బతికున్నప్పుడు ఆయన ఇంతసేపు ఆమె వంక ఏనాడూ చూసింది లేదు.

నెమ్మదిగా ఒక్కొక్కరూ దారికొచ్చారు. అలిసిపోయి కొందరు, ఆఫీసులో సెలవులు అయిపోయి కొందరు డబుల్ ఏజెంటుకు ఒప్పుకున్నారు. చివరికి బాల్‌రెడ్డి ఒక్కడు మిగిలాడు. భూలక్ష్మి వెళ్లి అతని కాళ్ల దగ్గర కూలబడింది.

"అన్నయ్యగారూ, మీరన్న గేటే నిజమై ఉంటుందండీ. కాదన్లేదు. నాకు మాత్రం నా మొగుడు కావాలండీ."

ఇనప సామాన్లు అమ్మేవాడైనా బాల్‌రెడ్డి మెత్తబడ్డాడు. "లే చెల్లె, లే. నీ మొకం జూసి ఒప్పుకుంటున్న. పోనీ, గేటు లేదు. ఏం లేదు."

హాలంతా చప్పట్లు కొట్టింది. భూలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుని మొగుడి క్రాపు సరిచేసింది. లేవగానే తాగుతాడని మంచినీళ్ల గ్లాసు పట్టుకుంది. నిబంధన ప్రకారం ప్రతి సభ్యుడూ ఆ బొమ్మను ఆఖరుసారి తేరిపార చూసి, ఆపైన చెయ్యెత్తాలి. అందరూ చూశారు, ఎత్తారు. భూలక్ష్మి కూడా తెరవైపు తిరిగింది. విహారి బొటనవేలు రిమోటు మీద ఉంది.

తెరమీద ఉన్ని కోటులో తన మొగుడు. గుండు తగిలినవాడు. కళ్లు ఎడమవైపున్నాయి, పెదవి చివర ఒక నవ్వు మొదలై ఆగి ఉంది.

ఆమె చెయ్యి సగం లేచి అక్కడే నిలిచింది.

"ఏమ్మా?" అన్నారు కోదండపాణిగారు.

"ఒక్క సందేహమండీ," అంది భూలక్ష్మి. "ఆ రోజు భోజనాల బండి రానేలేదండీ. ఇంటికొచ్చి తనే చెప్పాడు. పెరుగన్నం తిన్నాడు." ఆమె గ్లాసు కింద పెట్టింది. "అదీగాక, అన్నం బండిని చూసే మొహమేనటండీ అది? ఎవరినో చూస్తున్నాడు. నా వంక ఒక్కసారి కూడా అలా చూడలేదండీ ఈ మనిషి."

ఇంతకాలం ఇంతమందికి తట్టని కోణం అది. బాల్‌రెడ్డి తన చెయ్యి నెమ్మదిగా దించేశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరి చేతులూ దిగాయి. ఎక్కడినుంచో కొత్త ఉత్సాహం వచ్చింది. ఎవరో టీలకు కేకేశారు.

"పోనీ, ఒక్క నిమిషం లేపి ఆయన్నే అడిగితే?" అన్నాడు విహారి.

"అడిగాం కదయ్యా, అబద్ధం చెప్పాడు," అన్నారు కోదండపాణిగారు. అయినా మర్యాద కోసం ఆమె వైపు చూశారు. "నీ ఇష్టమమ్మా. నువ్వు లేపమంటే లేపేస్తాం."

భూలక్ష్మి ఒకసారి మొగుడి వైపు, ఒకసారి తెర వైపు చూసింది. ఒరిగి ఉన్న మొగుడి మొహంలో నవ్వు అంత తేటగా లేదు. తెరమీద బాగా కనిపిస్తోంది.

"వద్దండీ," అంది. "లేస్తే మళ్లీ బండే అంటాడు. ముందిది తేలనివ్వండి."

ఆమె తన కుర్చీని మొగుడి ఎడమపక్కనుంచి తీసుకొచ్చి తెర ముందు, మొదటి వరసలో వేసుకుంది. విహారి పేర్రాజు వైపున్న ఫ్యానును ఆమె వైపు తిప్పాడు. ఆమె వద్దనలేదు. బొమ్మను కొంచెం పెద్దది చేయమని మాత్రం అడిగింది.