వానలో గొడుగు మూసుకున్న మనిషి

నవల మొదలుపెట్టిననాడు రచయిత చేతిలో ఉన్న సరుకు ఇంత: అచ్చుకు నోచుకోని నవలలు మూడు, నల్ల గొడుగు ఒకటి, భార్య, ఆమె తమ్ముడైన గొడుగుల దుకాణదారు, పొడిగా ఉన్న తల ఒకటి. లేనిదల్లా పేరు. పోస్టుమాను కూడా ఆయన్ను "గొడుగుల షాపువాళ్ల బావగారు" అనే పిలిచేవాడు. నాలుగో నవలతో ఆ లోటు పూడ్చుకోవాలని ఆయన కూర్చున్నాడు.

వారపత్రిక సంపాదకుడు మొదటి భాగం చదివి, "అంతా బాగుంది గానీ కాస్త వాన పడితే బాగుండేదండీ. మన పాఠకులకు వానంటే ప్రాణం" అన్నాడు. రచయిత నిలబడే, బల్ల అంచు మీద కాగితం పెట్టి, "జోరుగా వాన కురుస్తోంది" అని ఒక వాక్యం ఇరికించాడు. అదే పేజీలో, వీధి మలుపులో, ఒక మనిషిని మూసిన గొడుగుతో నిలబెట్టిన సంగతి ఆయనకు గుర్తులేదు. వీధి మరీ బోసిగా ఉందని నిలబెట్టాడు తప్ప ఆ మనిషికి నవలలో వేరే పనేమీ లేదు.

అది అచ్చైన నాలుగో రోజుకల్లా ఉత్తరాలు బస్తాలో వచ్చాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. చేతిలో గొడుగుండీ తడుస్తున్న ఆ మనిషి ఎవరు? ఏ దుఃఖం ఆయన్ను గొడుగు తెరవనివ్వలేదు?

రచయిత ఆ బస్తా భార్య ముందు పెట్టాడు.

"తెరవడం మర్చిపోయారా?" అందావిడ, కూర తరగడం ఆపకుండా.

"నేను కాదు, వాడు."

"వాడికేం తెలుసు పాపం! తెరవాల్సింది మీరు."

తెరవబోయాడు కూడా. సంపాదకుడు చెయ్యి పట్టుకున్నాడు. "ఆ గొడుగు తెరుచుకున్న రోజు మన పత్రిక మూతపడుతుంది. ఇంకేదైనా చేయించండి." అందుకని ఐదో భాగంలో ఆ మనిషి ఒకసారి దగ్గాడు. తొమ్మిదో భాగంలో గడియారం చూసుకున్నాడు. పద్నాలుగో భాగంలో మళ్లీ చూసుకున్నాడు. పాత్ర అనూహ్యంగా ఎదిగిందని విమర్శకులు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఒక ప్రొఫెసరు గారు ఆ దగ్గు మీద మూడు సంపుటాలు రాశారు.

ఊరు కూడా ఎదిగింది. వాన పడితే చాలు, పెద్దమనుషులు మూసిన గొడుగులతో వీధి మలుపుల్లో వరుసగా నిలబడేవారు. ఆస్పత్రి వారు దగ్గుకు ప్రత్యేకంగా ఒక వార్డు తెరిచి, దానికి ఆ మనిషి పేరు పెడదామంటే ఆయనకు పేరు లేదని గుర్తొచ్చి, బోర్డు ఖాళీగా తగిలించారు. బావమరిది గోదాములో తుప్పు పట్టి తెరుచుకోని గొడుగులు నలభై డజన్లు వారంలో అమ్ముడుపోయాయి. గిరాకీ ఆగకపోయేసరికి మంచి గొడుగులను మూసి కుట్టడానికి ఆరుగురు దర్జీలను కూర్చోబెట్టాడు.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటా, తెరవకు" అన్నాడు. "నువ్వు తెరిస్తే నేను మూసుకోవాలి."

అందరికీ గిట్టుబాటైంది, రచయితకు తప్ప. ఉత్తరాలన్నీ "గొడుగాయనకు" అనే వస్తున్నాయి. రాసినవాడి పేరు ఒక్కరూ అడగలేదు. ఆఖరి భాగానికి ముందు పురమందిరంలో సభ పెట్టినప్పుడు, ఉన్నమాట చెప్పి తన పేరు తాను దక్కించుకోవాలని నిశ్చయించుకున్నాడు.

ముందు మేయరు గారు సెలవిచ్చారు. "పౌరులారా! గొడుగు తెరవడం ఎవరికైనా చేతనవును. తెరవకపోవడంలోనే నాయకత్వం ఉంది. మేము నాలుగేళ్లుగా మురుగుకాల్వల మూతలు తెరవకపోవడం వెనుక తత్త్వం ఇదేనని సవినయంగా మనవి చేస్తున్నాను." చప్పట్లకు పైకప్పు పెచ్చులూడింది.

రచయిత మైకు ముందుకొచ్చాడు. "అయ్యా, ఆ వాన నేను తర్వాత కలిపింది. గొడుగు తెరిపించడం మర్చిపోయాను. అంతే."

ప్రొఫెసరు గారు లేచారు. "ఈ పాత్ర రచయితకు అర్థం కాలేదని నా రెండో సంపుటంలోనే నిరూపించాను. ఇవాళ ఆయనే వచ్చి సాక్ష్యం చెప్పడం సంతోషం!"

ఈసారి చప్పట్లు ఇంకా జోరుగా మోగాయి. ఆఖరి భాగం రాయడానికి అక్కడికక్కడే పదకొండుమందితో కమిటీ వేశారు. పాత్రతో కొంత పాత పరిచయం ఉంది కనుక రచయిత వెనక బెంచీలో కూర్చుని వినవచ్చని ఉదారంగా అనుమతించి, మూసి కుట్టిన గొడుగొకటి బహూకరించారు.

బయట జోరుగా వాన. రచయిత బహుమతిని చంకలో పెట్టుకుని, తన పాత నల్ల గొడుగు తెరిచాడు.

"ఏవయ్యా, పెద్దమనిషిలా ఉన్నావు, సిగ్గులేదూ?" అన్నాడు పక్కనే తడుస్తున్న ఒకాయన. "నలుగురిలో తెరుస్తావా?"

రచయిత నాలుగు వైపులా చూసి, గొడుగు మూశాడు.

ఇంటికి చేరాక తేలిన లెక్క ఇది. అచ్చుకాని నవలలు మూడు, అలాగే ఉన్నాయి. గొడుగులు రెండయ్యాయి: ఒకటి తెరుచుకోనిది, ఒకటి తెరవకూడనిది. భార్య తువ్వాలుతో గుమ్మంలో ఉంది. తల తడిసింది, దగ్గు మొదలైంది. పేరు మాత్రం మారింది. పోస్టుమాను ఇప్పుడు "గొడుగాయనకు తెలిసినవాళ్లు" అంటున్నాడు.

ఈ కథలో దాచిన అర్థమేదీ లేదని పాఠకులకు మనవి. మీరు ఎలాగూ వెతుకుతారని బావమరిది మరో నలభై డజన్లు కుట్టించి సిద్ధంగా ఉంచాడు.