వీధికి ఒక్క ట్యూబు చాలు

డాక్టర్ చీటీ అంత స్వార్థపు కాగితం ప్రపంచంలో ఇంకోటి లేదు! నీ మందు నీకే అంటుంది. పక్కింటివాళ్లకు ఇవ్వొద్దంటుంది. ఇదేం సంస్కారం?

మా కంచరపాలెం అలాంటిది కాదు. ఇక్కడ చేపల పులుసు పంపిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు. ఏ మునక్కాడ ముక్కలో, జంతికలో వేసి పంపాల్సిందే. మా ఎదురింటి చిట్టమ్మగారికి చీలమండ దగ్గర చర్మం గట్టిపడి దురదపెడితే, డాక్టర్ ఒక స్టెరాయిడ్ క్రీము రాశాడు. అక్కడే పల్చగా రాయాలి, చెప్పినన్నాళ్లే రాయాలి, మొహానికి అసలొద్దు అన్నాడు. దురద తగ్గింది. ట్యూబు సగం మిగిలింది. పారేస్తే పాపం కదా? పక్కింటివాళ్ల గిన్నెలో వేసి పంపేశారు!

పక్కింటి జగ్గారావు స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. చెమటకి తొడల్లో తామర వచ్చింది. క్రీము రాశాడు. దురద మాయం! తామర మాత్రం చప్పుడు చేయకుండా నడుం దాటి వీపెక్కింది. చేయి తిరిగిన హంతకుడైనా అంత నిశ్శబ్దంగా గోడ దూకగలడా?

ట్యూబు అయిపోతే బెంగ లేదు. ఖాళీ ట్యూబు చూపిస్తే చాలు, మెడికల్ షాపులో కొత్తది ఇస్తారు. చీటీ ఏదని అడిగి కస్టమర్‌ని అవమానించే అలవాటు మా వీధి చివర షాపుకి లేదు.

అలా తిరిగి తిరిగి ట్యూబు పుట్టింటికే చేరింది. ఈసారి చిట్టమ్మగారి అమ్మాయి ఆశ చేతికి. బీచ్ రోడ్డు హోటల్లో ఆమెకు రిసెప్షనిస్టు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. మొహం ఇంకాస్త తెల్లగా ఉంటే బాగుంటుందని మూడు నెలల కిందట ఎవరో అన్న దగ్గర్నుంచి, పౌడరు కింద రోజూ అదే రాస్తోంది. మొదట్లో మొహం అద్దంలా మెరిసింది. వీధిలో ఆడవాళ్లందరూ రహస్యం అడిగారు.

ఒకరోజు రాయడం మానేసింది. మొహం ఎర్రబడి భగ్గుమంది. మొటిమలు లేచాయి. మళ్లీ రాస్తే చల్లబడింది. ఎంత ప్రేమో చూశారా! ఒక్క పూట దూరమైతే కొత్త పెళ్లికొడుకైనా ఇంత గోల చేస్తాడా?

ఆశ భయపడి స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్లింది. డాక్టరమ్మకి బొత్తిగా దయ లేదు. చర్మం పల్చబడింది, ఆ ట్యూబు ఇక ముట్టుకోవద్దు అంది. వేరే మందులు రాసిచ్చి, కొన్నాళ్లు ఇంకా ఎర్రబడొచ్చు, కంగారుపడకుండా వచ్చి చూపించు అంది. మరి సోమవారం సంగతి?

"ముందు ఉజ్జోగంలో సేరిపో. తరవాత మానేద్దువుగాని," అంది చిట్టమ్మగారు.

సాయంత్రం ఆశ షాపుకి వచ్చేసరికి నేనూ అక్కడే తలనొప్పి బిళ్ల కోసం నిలబడి ఉన్నాను. షాపు వరహాలు చీటీ విప్పలేదు. ఆమె మొహం చూశాడు, వెనక్కి తిరిగాడు, పాత ట్యూబే తీసి బల్ల మీద పెట్టాడు. అనుభవమంటే అదీ!

"సోమారానికి తగ్గిపోద్ది తల్లీ. అట్టుకెళ్లు."

ఆశ ట్యూబు అందుకుంది. రేపు రాస్తే ఎల్లుండికి ఎరుపు పోతుందని ఆమెకు తెలుసు. మానేస్తే ఏమవుతుందో కూడా తెలుసు.

"బాబాయ్, మీ అమ్మాయి శ్రీసత్య కూడా ఇదే రాసుకుంటాదా?"

వరహాలు నొచ్చుకున్నాడు.

"మా పాపకెందుకు రాత్తామమ్మా? సెర్మం పాడైపోదేటి?"

ఆశ ట్యూబు బల్ల మీద పెట్టేసింది. మడతపెట్టిన చీటీని విప్పి ఆయన ముందుకు జరిపింది.

"అయితే ఇది సదువు బాబాయ్."

పాఠకులారా, దయచేసి వరహాలుని తప్పుపట్టకండి. అడగ్గానే ఉన్న నిజం చెప్పాడు. అడక్కపోయినా చెప్పడానికి ఆయనేమైనా డాక్టరా?